ఆంగ్లోచ్చారణము: ఎవరి చెవికి?

ఆంగ్లభాష నెట్లు పలుకవలెనను విషయమై మన దేశమున వ్రాతలకు కొదువ లేదు. పత్రికలలో వ్యాసములు, పాఠశాలలలో చిన్న పొత్తములు, ఉద్యోగ శిక్షణాలయముల ప్రకటనలు, ఇప్పుడు ఫోనులలో దృశ్యపాఠములు ఎన్నియో వెలువడుచున్నవి. వానిలో పెక్కింటియందు కానవచ్చు వాక్య మొక్కటే: ‘ఆంగ్లేయు లీ పదము నిట్లు పలుకుదురు, మనవారు తప్పుగా నట్లు పలుకుదురు.’ చదువరికి ఏదో తెలిసినట్లే యుండును. ఆ వాక్యమును విప్పి చూచినచో లోపల నేమియు లేదు. ఏ యాంగ్లేయులు? ఏ మనవారు? ‘ఇట్లు’ అని తెలుగు లిపిలో వ్రాసినదానిని చదువువాడు తన నోట నెట్లు పలుకునో వ్రాసినవాని కేమి తెలియును? ఇక ‘తప్పుగా’ అను మాట యెచ్చటనుండి వచ్చినది? ధ్వనిని వర్ణించుటకు కూర్చుండినవాడు తీర్పు చెప్పి లేచిపోయినాడు.

ఇది పండితగోష్ఠికి మాత్రమే చెందిన సంగతి యని యెవరును తలపరాదు. ఈ యస్పష్టమైన మాటలే కొలబద్దలై నేడు మన యువతీయువకుల యెదుట నిలుచుచున్నవి. హైదరాబాదు, విశాఖపట్టణము, బెంగుళూరులలో ఉద్యోగార్థులను వడియగట్టువారు ‘మాతృభాషా ప్రభావ’మను నొక దోషమును కనిపెట్టి, దాని కొక సంక్షిప్తనామము గూడ పెట్టి, కాగితముపై గుర్తు వేయుచున్నారు. తల్లిభాష జాడ నోట నుండుట దోషమైనచో లండనువాని నోటను తల్లిభాష జాడయే గదా యున్నది! ఆ కాగితముపై నే ధ్వని, ఏ పదమున, ఎవరికి బోధపడలేదని వ్రాయబడుట లేదు. ఏమి తప్పినదో తెలియకయే పిల్లవా డింటికి పోవుచున్నాడు.

ముందుగా ఆంగ్లదేశమునే చూతము. గడ్డి యను నర్థముగల ‘గ్రాస్’, త్రోవ యను నర్థముగల ‘పాత్’ మున్నగు పదములలో లండను పరిసరములవారు దీర్ఘమైన యాకారమును పలుకుదురు. యార్కుషైరు, లాంకషైరు మొదలైన యుత్తర మండలములవారు హ్రస్వమునే పలుకుదురు. దీర్ఘము వారిలో పలువుర చెవికి డాంబికముగా దోచును. కోయుట యను నర్థముగల ‘కట్’ అను పదమున దక్షిణమువారు మన యకారమునకు దగ్గరగా నుండు నచ్చును పలుకగా, ఉత్తరమువారు ‘పుట్’ అను పదములోని యుకారమునే పలుకుదురు. వారిలో పెక్కండ్రకు ‘పుట్’ అను పదమునకును, గాల్ఫు ఆటలో బంతిని మెల్లగా దొరలించుటను దెలుపు ‘పట్’ అను పదమునకును ఉచ్చారణమున భేదమే లేదు. ఇది వారి యజ్ఞానము కాదు. పదునేడవ శతాబ్దికి ముందు దేశమంతటను ఆ యుకారమే యుండెను. దక్షిణమువారు మారిరి, ఉత్తరమువారు మారలేదు. ఇక రేఫము. అచ్చు తరువాత వచ్చి, వెనువెంటనే మరియొక యచ్చు లేని రేఫమును లండనువారు పలుకరు. స్కాట్లండువారును, ఐర్లండువారును, అమెరికావారిలో నధికసంఖ్యాకులును దానిని చక్కగా పలుకుదురు. 1950 మొదలు 1961 వరకు లీడ్సు విశ్వవిద్యాలయమునకు జెందిన హెరాల్డ్ ఆర్టన్ పూనికతో ఆంగ్లదేశమున 313 స్థలములలో పల్లెవారి పలుకుబడిని ప్రశ్నలడిగి వ్రాసికొనిరి. ‘ఆంగ్లేయు లిట్లు పలుకుదురు’ అని వ్రాయ బూనినవాడు ఆ పటముల నొక్కమారు తెరచి చూచినచో కలము క్రింద పెట్టి కొంతసే పాలోచించును.

ఉచ్చారణమును గూర్చి వ్రాయుటలో మూలమైన చిక్కు మన కడప పేరులోనే యున్నది. ‘కడప’ అను పదమున మూడచ్చులును హ్రస్వములైన యకారములే. కంపెనీ కాలపు దొరలు దానిని రోమను లిపిలో వ్రాసినపుడు మూడు అకారములకు మూడు వేషములు వేసిరి. మొదటిదానికి ‘యు’ అను నక్షరము, రెండవదానికి ‘ఏ’, మూడవదానికి ‘ఏ’ ప్రక్కన ‘హెచ్’. నడుమ ‘డి’ని రెండుమారులు వ్రాసిరి. ఇది దొరల వెర్రితనమని మనవారు నవ్వుకొనుట కలదు. వెర్రితనము కాదు. లండనువాని నోట ‘కట్’ అను పదములోని ‘యు’ మన యకారమునకు మిక్కిలి సన్నిహితము. హల్లును రెట్టించుట దాని ముందున్న యచ్చు హ్రస్వమని తెలుపు నాంగ్లలిపి సంప్రదాయము. తుదనున్న ‘హెచ్’ ఆ యచ్చును ఏకారముగా చదువవలదను హెచ్చరిక. వ్రాసినవాడు తన చెవి కనుగుణముగా, జాగ్రత్తతోనే వ్రాసినాడు. తనవలె పలుకువాడే దీనిని చదువునని తలచుటయే వాని దోషము. అవే యక్షరములను యార్కుషైరు సిపాయి చదివినచో ‘కుడ్డప’ యగును. ఆంగ్లదేశమున నడుగు పెట్టని మన బాలురును తరతరములుగా నట్లే చదివిరి. ఆ వ్రాత 2005వ సంవత్సరము వరకు అధికార పత్రములలో నిలిచియుండెను. పంజాబు పేరునకు నిదే గతి పట్టినది. మొదటి యక్షరముపై నకారమునకు బదులు ‘యు’ వ్రాయుటచే ఆంగ్లదేశమున పలువురు నేటికిని ‘పుంజాబు’ అని పలుకుచున్నారు.

బర్మా సంగతి యింకను విచిత్రము. ఆ దేశపువారు తమ పేరు చెప్పుకొనునపుడు రేఫము పలుకరు. రేఫమును పలుకని దక్షిణాంగ్లేయులు అచ్చు స్వరూపమును సూచించుటకై ‘ఆర్’ అను నక్షరమును గురుతుగా వాడిరి. వారి కది మౌనాక్షరము. 1989లో అక్కడి సైనిక ప్రభుత్వము ఆంగ్లమున దేశనామమును ‘మయన్మార్’ అని మార్చినపుడు గూడ తుద నదే మౌనాక్షరము నిలిచినది. అది దీర్ఘమునకు గురుతు మాత్రమే. అమెరికావా డా యక్షరమును చూచి నిండుగా రేఫమును పలుకును, మనమును పలుకుచున్నాము. ఎవడో యొక లండనువాడు తన నోటిలో లేని ధ్వనికి పెట్టిన గురుతు ప్రపంచమున సగము మంది నోట లేని ధ్వనిని పుట్టించినది!

ఈ చిక్కును మొదట గట్టిగా పట్టుకొన్నవారిలో సర్ విలియం జోన్సు ముఖ్యుడు. 1788లో వెలువడిన ‘ఆసియాటిక్ రిసెర్చెస్’ మొదటి సంపుటమున ఆసియా భాషల పదములను రోమను లిపిలో వ్రాయు పద్ధతిని గూర్చి ఆయన వ్యాసము ప్రకటించెను. ఆంగ్లలిపి యొక్క యస్తవ్యస్తతను ఆయన దాచలేదు. నాగరలిపి క్రమమును మెచ్చుకొనెను. ఒక ధ్వని కొక గురుతు, ఆ గురుతు విలువ ముందుగా చెప్పబడవలెననుట ఆయన మార్గము. ఫోర్టు విలియం కళాశాలలో హిందుస్థానీ బోధించిన గిల్‌క్రిస్టు లండను చెవినే నమ్మి అకారమునకు ‘యు’ వ్రాసెను. తుదకు గెలిచినది జోన్సు మార్గమే. అయినను ఒక మాట చెప్పవలెను. నేడు ‘కడప’కు మూడు ‘ఏ’లు వ్రాయుచున్నాము. ఆ యక్షరమున కకారధ్వని యని ముందుగా దెలియని విదేశీయుడు దానిని చదివి మరియొక వికృతరూపము పుట్టింపగలడు. అక్షరము దానంతట నది యేమియు చెప్పదు. దాని వెంట సంకేతార్థము నడువవలెను.

1886లో పారిసునందు పాల్ పాసీ మొదలైన భాషోపాధ్యాయులు స్థాపించిన సంఘమే తరువాత అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘమైనది. వారి లిపి యిందులకే పుట్టినది. అందలి ప్రతి గురుతునకును నాలుక యెచ్చట నుండునో, పెదవు లెట్లుండునో నిర్ణయము కలదు. పత్రిక చదువువారందరు నా లిపి నెరుగుదురని యాశింపరాదు గదా యని కొంద రందురు. నిజమే. అట్టివారికొరకు జె. సి. వెల్స్ అను ఆచార్యుడు 1982లో ప్రకటించిన మూడు సంపుటముల గ్రంథమున మరియొక సులభోపాయము చూపెను. ఒకే యచ్చును పంచుకొను పదము లన్నిటిని గుంపులుగా చేర్చి, ఒక్కొక్క గుంపునకు ఒక మేటి పదమును పేరుగా నిచ్చెను. అట్టివి ఇరువది నాలుగు. స్నానమను నర్థముగల ‘బాత్’ అను పదము పేరుగా గల గుంపున గడ్డియు త్రోవయు నుండును. ఇప్పుడు ‘ఉత్తరాంగ్లేయులు బాత్ గుంపు పదములను, ట్రాప్ గుంపు పదములను ఒకే యచ్చుతో పలుకుదురు’ అని వ్రాసినచో చదువువా డెచ్చటివా డైనను బాధ లేదు. తన నోట ఆ గుంపు లెట్లున్నను సరే, యెదుటివాని నోట నేవి కలిసినవో, ఏవి విడినవో తెలిసికొనును. ధ్వనిని వినిపింపజాలని కాగితముపై ఇంతకంటె నిక్కమైన యుపాయము కానరాదు.

ఇవి యన్నియు పశ్చిమమునుండి వచ్చిన క్రొత్త వెలుగులని యెవరైన ననుకొనినచో మన శిక్షాగ్రంథములను వారు చూడలేదనవలెను. స్థానము, కరణము, ప్రయత్నము అను మూడింటిచే ధ్వనిని నిర్ణయించుట ప్రాతిశాఖ్యకారుల మార్గము. కంఠమో, తాలువో, దంతమో చెప్పుదురు. నాలుక తాకినదో, తాకీతాకక యున్నదో చెప్పుదురు. నాదమున్నదో, శ్వాసమున్నదో చెప్పుదురు. ‘ఫలానా పదములోని యక్షరమువలె’ అని తప్పించుకొనరు. పందొమ్మిదవ శతాబ్దిలో విట్నీ, మాక్స్ మ్యూలరు మొదలైనవా రా గ్రంథములను ప్రకటించిన పిమ్మట ఐరోపా ధ్వనిశాస్త్రము పొందిన లాభమును ఆ శాస్త్రజ్ఞులే యంగీకరించిరి. అంతకంటెను మనోజ్ఞమైన విషయ మొకటి కలదు. వేదమున వచ్చు నొకవిధమైన యనునాసికము నెట్లు పలుకవలెనో చెప్పుచు పాణినీయశిక్ష సౌరాష్ట్రదేశపు స్త్రీ మజ్జిగ పేరు పలుకు తీరును ఉదాహరణముగా జూపినది. దేశమున నొక మూల నొక యాడుది పలుకు పలుకుబడి వేదోచ్చారణమునకు మేలుబంతి యైనది! ప్రాంతము పేరు చెప్పెను, పలుకువారిని చెప్పెను, పదము చెప్పెను, ఎగతాళి లేదు. అయితే మన యింటిలో రెండవ సంప్రదాయము గూడ లేకపోలేదు. రేఫమునకు లకారము పలికి అసురులు పరాభూతులైరను కథను పతంజలి మహాభాష్యమున నెత్తిచూపెను. పలుకు మారినవాడు మ్లేచ్ఛుడను భావ మక్కడిది. నేటి శిక్షణాలయములు మొదటి సంప్రదాయమును మరచి రెండవదానిని మాత్రము, తెలియకయే, నిలుపుకొన్నవి.

మన తెలుగు లిపి ధ్వన్యనుసారి గదా, దానితోనే యాంగ్లోచ్చారణమును దెలుపరాదా యని కొంద రడుగుదురు. కొంతవరకు తెలుపవచ్చును. ఆంగ్లలిపికంటె నెంతయో మేలు. కాని పరిమితి నెరుగక వాడినచో నిదియు మోసగించును. ‘బ్యాంకు’ అను మాటనే చూడుడు. ఆ బకారముపై తెలుగువారు పలుకునది యకారముతో గూడిన యాకారము కాదు. ఏకారాకారముల నడుమనుండు నొక యచ్చు. ఆ యచ్చు మన వాడుకభాషలో కోట్లమంది నోట నున్నది. లిపిలో మాత్రము దానికి స్థానము లేదు. వ్రాతనే నమ్మి చదువు విదేశీయుడు ‘బ్-యా-ంకు’ అని పలుకును. ఆంగ్లేయుల ‘టీ’లోని హల్లు దంతముల వెనుకనున్న గట్టుపై పుట్టును, మన తకారము దంతములయొద్దను, టకారము మరికొంత వెనుకను పుట్టును. వారిది నడుమనున్నది. మనము టకారము నెంచుకొన్నాము. అది సమీపధ్వని యేగాని యదే ధ్వని కాదు. ద్రాక్షతీగ యను నర్థముగల ‘వైన్’, ద్రాక్షసారా యను నర్థముగల ‘వైన్’ ఆంగ్లమున రెండు వేరువేరు హల్లులతో నారంభమగును. మన లిపికి రెండును ఒక్కటే. గుండుసూదిని దెలుపు ‘పిన్’ అను పదమున లండనువాడు పకారముతో కొంత యూపిరి వదలును. వా డది యెరుగడు, మహాప్రాణములకు వేరక్షరములుగల మన మెరుగగలము. కాని ‘ఫ’ అని వ్రాసిన నేటి చదువరి దానిని వేరొక ధ్వనిగా చదువును! ఊనిక సంగతి చెప్పనే యక్కరలేదు. ‘ప్రెజెంట్’ అను పదమున మొదటి భాగముపై నూనిన కానుక యగును, రెండవదానిపై నూనిన సమర్పించుట యగును. మన వ్రాతలో రెండింటికి భేదము లేదు. శ్రోతకు మాట బోధపడుటలో ఈ యూనిక మిక్కిలి ముఖ్యము. దానిని వదలి టకార డకారములపైననే గంటలు గడుపు పాఠములు ఇంటికి పునాది వేయక సున్నము కొట్టుటవంటివి.

ఇక తీర్పుల మాట. 1761లో ఐర్లండువాడైన థామస్ షెరిడన్ ఎడింబరో నగరమున స్కాట్లండు పెద్దమనుష్యులకు ఆంగ్లము పలుకు తీరుపై ఉపన్యాసము లిచ్చెను. 1791లో జాన్ వాకర్ ప్రకటించిన ఉచ్చారణ నిఘంటువున స్కాట్లండు, ఐర్లండు, లండను వాసులు తమతమ ‘దోషములు’ మాన్పుకొనుటకు వేరువేరు సూత్రములు గలవు. లండనువానికి గూడ దోషములుండెనని గమనింపుడు! లండనువారి రేఫము సన్నగిల్లుచున్నదని వాకరే వ్రాసెను. కాలము గడచెను, ఆ రేఫలోపమే గొప్పింటివారి లక్షణమైనది. 1917లో డేనియల్ జోన్సు తన ఉచ్చారణ నిఘంటువును ప్రకటించి, అందలి యుచ్చారణము ఖరీదైన వసతి పాఠశాలలలో చదివిన దక్షిణాంగ్లేయ కుటుంబములదని స్పష్టముగా చెప్పెను. అందరు నట్లే పలుకవలెనని విధింపలేదు. ఎవరి పలుకో చెప్పిన గ్రంథమది. దానిని విధిగ్రంథముగా మార్చినది చదివినవారు. అందు మన దేశపు పండితులు వెనుకబడలేదు. 1941లో యార్కుషైరువాడైన విల్ఫ్రెడ్ పికిల్స్ బి.బి.సి.లో వార్తలు చదివినపుడు శ్రోతలలో పలువు రాక్షేపించిరి. వార్త మారలేదు, అచ్చులు మారినవి, అంతమాత్రమునకే!

అట్లాంటికు దాటినచో తీర్పు తలక్రిందులగును. 1962లో విలియం లెబోవ్ న్యూయార్కు నగరమున మూడు పెద్ద దుకాణములకు బోయి, నాలుగవ అంతస్తున దొరకు వస్తువును గూర్చి పనివారి నడిగెను. ‘ఫోర్త్ ఫ్లోర్’ అని వారు చెప్పుటలో రెండు రేఫములు రావలెను. సంపన్నులు పోవు దుకాణమున రేఫము లెక్కువగా వినబడెను. చౌకదుకాణమున తక్కువగా వినబడెను. లండనున గొప్పవారు విడిచిన రేఫమును న్యూయార్కున గొప్పవారు పట్టుకొన్నారన్నమాట. ఆ రేఫమునందు స్వభావసిద్ధమైన ఘనత గాని నీచత గాని యున్నచో రెండు నగరములలో రెండు తీర్పు లెట్లు వచ్చును? శ్రోత విన్నది ధ్వనిని. తూచినది పలికినవాని కోటును.

కావున ‘తటస్థమైన యుచ్చారణము’ అని ప్రకటనలలో వ్రాయుట పచ్చి యబద్ధము. ఏ ప్రాంతమునకును జెందని నోరు లోకమున లేదు. ఆ మాటకు వాడుకలో నున్న యర్థము ‘ధనమిచ్చు శ్రోత కలవాటైన యుచ్చారణము’ అని మాత్రమే. అట్లే వ్రాసిన నాక్షేపణ లేదు. వర్తకునకు కొనుగోలుదారుని యలవాటు కావలసినదే. ఇటీవల మాటలాడుచుండగనే భారతీయుని పలుకును అమెరికా శ్రోతకు పరిచితమైన పలుకుగా మార్చివేయు సాఫ్ట్‌వేర్ కాల్ సెంటర్లలో వాడుకలోనికి వచ్చినది. యంత్రమైనను ఏ ప్రాంతపు టుచ్చారణమునుండి ఏ ప్రాంతపు టుచ్చారణమునకు మార్చవలెనో చెప్పిననే గాని పని చేయదు. మన పరీక్షకులు మాత్ర మది చెప్పకయే మనుష్యులను కొలుచుచున్నారు.

దీనికి భిన్నమైన మార్గము మన హైదరాబాదులోనే కలదు. 1958లో స్థాపింపబడిన కేంద్ర ఆంగ్ల సంస్థయందు (అదియే నేటి ఆంగ్ల విదేశీభాషల విశ్వవిద్యాలయము) ఆర్. కె. బన్సల్ భారతీయుల ఆంగ్లము ఇతరుల కెంతవరకు బోధపడునో పరీక్షించి 1969లో గ్రంథము ప్రకటించెను. బాగుగ నున్నదా, హీనముగ నున్నదా యని ఆయన యడుగలేదు. ఏ శ్రోతకు, ఏ మాట, ఏ కారణముచే బోధపడలేదని యడిగెను. అర్ధశతాబ్దికి పైగా గడచినను ఆ ప్రశ్న ఉద్యోగపరీక్షల గడప నింకను దాటలేదు.

పరుల నిందించునపుడు మన పెరడు గూడ చూడవలెను. తెలుగు పత్రికలలో, కథలలో, చలనచిత్రములలో శ్రీకాకుళము, తెలంగాణము, రాయలసీమల పలుకును అక్షరములు వంచి, సాగదీసి వ్రాయుదురు. కృష్ణా గోదావరి మండలముల పలుకును వంపు లేకుండ వ్రాయుదురు. వారికి యాస యున్నది, వీరికి లేదన్నట్లు! ఆంగ్లనవలాకారులు నిట్లే చేసిరి. ‘చెప్పుచున్నాడు’ అను నర్థముగల పదమును ప్రభువు పలికినపుడు శుద్ధముగ వ్రాసి, పల్లెవాడు పలికినపుడు ‘సెజ్’ అని యక్షరములు మార్చి వ్రాయుదురు. నిజమునకు ప్రభువును ‘సెజ్’ అనియే పలుకును. అక్కడ ధ్వనిభేదము లేశమైనను లేదు. ఉన్నది యవమాన మొక్కటే.

స్పష్టముగ వ్రాయుట కష్టమా? ‘తెలుగు మాతృభాషగాగల వారిలో పలువురు కోడిగ్రుడ్డును దెలుపు నాంగ్లపదమును యకారముతో నారంభింతురు; లండనువారు కేవలము నచ్చుతో నారంభింతురు.’ ఇందు ఎవరో కలదు, ఏ పదమో కలదు, ధ్వని యెచ్చట మారినదో కలదు, ఎవరితో పోల్చినదో కలదు. మార్చుకొనవలెనా, అక్కరలేదా యన్నది చదువువాని యవసరమునకు వదలబడినది. ఈ కొలత ప్రకారము వ్రాయగలిగిన పరీక్షకుడు, తాను త్రోసివేసిన ప్రతి యభ్యర్థి కాగితముపై, ఏ పదము ఏ శ్రోతకు వినబడలేదో వ్రాసి యీయవలెను. ప్రభుత్వధనముతో నడచు శిక్షణ కేంద్రములు దీనిని వెంటనే యారంభింపవచ్చును; అందులకు క్రొత్త చట్ట మక్కరలేదు, కాగితముపై మరి రెండు గీతలు చాలును.